తువాలు కింద స్టేడియం

శేషాద్రి శెట్టి నోటితో అంకె చెప్పడు.

నలభై ఏళ్లు ఆదోనిలో పత్తి వ్యాపారం చేసినవాడికి లెక్క రాదంటే ఎవరూ నమ్మరు. లెక్క బ్రహ్మాండంగా వచ్చు. కానీ మాటల్లో అంకె రావలసిన చోటికి రాగానే నోరు మూసుకుంటాడు. భుజం మీది తువాలు తీసి ఎదుటివాడి కుడిచెయ్యి మీద కప్పుతాడు. కింద నుంచి తన చెయ్యి దూర్చి వేళ్లు పట్టి నొక్కుతాడు. అంతే. ఆ అంకె ఆ రెండు చేతులకు తప్ప మూడోవాడికి తెలియదు.

పాతకాలంలో పత్తి బేరాలన్నీ అలాగే సాగేవి. చిటికెన వేలు పట్టుకుంటే ఒక ధర, అయిదూ కలిపి పట్టుకుంటే ఇంకో ధర. చివర అరచేతి మీద ఒక్కసారి తడితే బేరం ముగిసినట్టు; ఆ తరువాత ఆ అంకె ఊసు ఎవరూ ఎత్తకూడదు. ఇప్పుడంతా కంప్యూటర్ టెండర్లు. పద్ధతి పోయింది, శెట్టి మిగిలాడు. అరేబియా ముత్యాల బజార్లలో కూడా ఇలా గుడ్డ కింద వేళ్లతోనే బేరమాడేవారని నేనెక్కడో చదివి, సంబరంగా వచ్చి చెప్పాను. శెట్టి ఏమాత్రం ఆశ్చర్యపోలేదు.

"వాళ్లు మన దగ్గరే నేర్సుకునింటారు లేప్పా," అన్నాడు.

ఆయనతో ఎమ్మిగనూరు బస్సెక్కడం ఒక పరీక్ష. కండక్టరు వచ్చి "ఎన్ని టికెట్లు?" అంటాడు. శెట్టి తువాలు కప్పుతాడు. కొత్త కండక్టరయితే బెదిరిపోయి చెయ్యి లాక్కుంటాడు. పాత కండక్టరయితే చెయ్యి ఇచ్చి, కళ్లు మూసుకుని, "రెండు. ఒకటి పెద్దాయనకా? సరే," అని టికెట్లు కొడతాడు. ఒకసారి ఆయన ఎవరికో ఫోన్ నంబరు ఇస్తుండగా చూశాను. పది అంకెలు పూర్తయ్యేసరికి అయిదు నిమిషాలు పట్టింది. దారిన పోయే ఒకామె ఆగి, "ఎవురు సచ్చిపోయినారన్నా, పాపం?" అని నన్నడిగింది.

ఆదోనిలో ఫోన్ మోసగాళ్లకు చిక్కని ఒకే ఒక్క పెద్దమనిషి కూడా ఈయనే. బ్యాంకు నుంచి అని చెప్పి ఎవడో ఫోన్ చేసి, మెసేజీలో వచ్చిన నంబరు చెప్పమన్నాడట. శెట్టి ఎంతో మర్యాదగా, "నోటితో సెప్పను నాయనా. ఈడికే రా, సెయ్యి ఇయ్యి," అన్నాడు. వాడు తిట్టి పెట్టేశాడు. "ఏం కాలమప్పా, బేరానికి పిలిస్తే తిడతాండారు," అని శెట్టి రెండు రోజులు బాధపడ్డాడు.

"అసలు అంకె నోటితో చెబితే ఏమవుతుంది శెట్టీ?" అని నేను ఒకసారి నిలదీశాను.

"గాలి తగుల్తాది. మురిగిపోతాది."

"అంకె ఏమైనా అరటిపండా?"

"అంతకంటే మెత్తనిది," అన్నాడు.

వాళ్ల ఇంటావిడ తులసమ్మ లోపల నుంచి కేకేసింది. "ఆయప్పతో వాదం యాల అన్నా? మా పెండ్లిసూపుల్లో మా నాయన నీ వయసెంతని అడిగితే మా నాయన సెయ్యి పట్టుకున్న మనిషి! అల్లుడు కాళ్లు మొక్కకుండా సెయ్యి పట్టుకుంటాడేమని మావాళ్లంతా నోరు తెరిసినారు."

ఈయనకు ఫుట్‌బాల్ పిచ్చి. పత్తి గోడౌన్ల వెనకాల ఉన్న మైదానంలో ఆదివారం సాయంత్రం మ్యాచ్ ఉంటే, శెట్టి పడమటి గట్టు మీద ఉంటాడు. ఆ గట్టు ఎప్పుడో ఎవరో తవ్వి పోసిన మట్టి. దాని మీద కూర్చుంటే పొద్దు వీపు వెనక ఉంటుంది, ఆట మొత్తం కళ్ల ముందు ఉంటుంది, టికెట్టు ఉండదు. మూటలు మోసే మాదన్న, ఆస్పరి నుంచి, పెద్దకడుబూరు నుంచి పత్తి ఏరే పనులకు వచ్చినవాళ్లు, శనక్కాయలు అమ్మే తిమ్మక్క, పుట్టింది ఆదోనిలోనే అయినా ఏ ఊళ్లోనూ నెల మించి నిలవని నేను, అందరమూ ఆ గట్టు ప్రజలమే. ఆలస్యంగా వచ్చినవాడు "స్కోరెంత శెట్టీ?" అంటే తువాలు పడుతుంది. ఎదుటి జట్టు ఎమ్మిగనూరు గెలుస్తున్న రోజు మాత్రం ఆయన నొక్కడం మరీ నెమ్మది. ఎంత నెమ్మదంటే, కొందరికి ఒక గోలు తక్కువగా అందేది.

ఎమ్మిగనూరు నుంచి ఎల్లప్ప వచ్చేవాడు. మగ్గం నేసేవాడు, వాళ్ల జట్టుకు వీరాభిమాని. శెట్టి తువాళ్లన్నీ ఆయన నేసినవే. "నా తువాలు కింద మా గోలు దాసిపెడ్తాండావు గదా, నీకు పాపం తగుల్తాది," అని ప్రతి మ్యాచ్‌కూ పోట్లాడి, మళ్లీ తిమ్మక్క శనక్కాయలు ఇద్దరూ ఒకే పొట్లంలోంచి తినేవాళ్లు.

ఇలా ఉండగా, మైదానంలో కొత్త స్టేడియం కడతారని కబురొచ్చింది.

గేటు దగ్గర రెండు బొమ్మలు అతికించారు. మొదటిది పదహారు కోట్లది: చుట్టూ ప్లాస్టిక్ కుర్చీలు, పైన పగిలిన పత్తికాయ ఆకారంలో తెల్లటి కప్పు. గట్టు తవ్వి అక్కడ కూడా కుర్చీలే. రెండోది అయిదు కోట్లది: ఒక వైపే కుర్చీలు, గట్టుకు రాతి మెట్లు, దాని మీద కూర్చున్నవాళ్లకు నామమాత్రపు టికెట్టు. ఊరు వీటికి వెంటనే పేర్లు పెట్టేసింది: కాయ ప్లాను, గట్టు ప్లాను.

వారం రోజులు ఆదోని మొత్తం ఇంజనీరయిపోయింది.

"ఇది యా రకం కాయప్పా? మన నల్లరేగడిలో ఇట్లాంటిది పండదు," అన్నాడొక రైతు.

"శనక్కాయ ఆకారం పెట్టింటే రెండు గదులొచ్చేటివి. ఒకదాంట్లో ఆట, ఇంగోదాంట్లో టిఫిను," అంది తిమ్మక్క.

"మగ్గం ఆకారం పెట్టాల," అన్నాడు ఎల్లప్ప.

"నీ ఊర్లో పెట్టుకో పో!" అన్నారందరూ.

"వాన పడితే ఆ కాయలోకి నీళ్లు దిగి, కింద కూసున్నోని నెత్తిన పడవా?" అన్నాడు మాదన్న.

"ఆదోనిలో వాన పడినప్పుడు ఆలోసన సేద్దాంలే," అన్నాడు ఎల్లప్ప.

నేనూ ఊరుకోలేదు. కలకత్తా మైదానంలో కోట గట్టెక్కి టికెట్టు లేకుండా చూసిన జనాల గురించి, మలబారులో వెదుళ్లతో కట్టిన గ్యాలరీల గురించి, కొండను మెట్లుగా చెక్కి నాటకాలు చూసిన గ్రీకుల గురించి టీ కొట్టు దగ్గర గంటసేపు చెప్పాను. అందరూ విన్నారు. విని, కాయ ప్లానే కావాలన్నారు. పదహారు కోట్లు అన్న మాట నోట్లో వేసుకుంటే అంత రుచిగా ఉంది మరి.

చిక్కల్లా ఒకటే. కట్టేవాళ్ల తరఫున మాధురి అనే ఇంజనీరమ్మ వచ్చి చెప్పింది: కాయ ప్లానుకు మనిషికి మ్యాచ్‌కు నూరు రూపాయల టికెట్టు తప్పదు. ఆదివారం ఉదయం మైదానంలోనే సభ పెడతాం. ఒక్కొక్కరూ మైకులో పేరూ, తాము ఇవ్వగలిగిన ధరా చెప్పాలి. దాన్ని బట్టి ఏ ప్లాను అన్నది తేలుతుంది.

"నూరేంది లెక్క! నూటయాభై ఇస్తా," అన్నాడు మాదన్న టీ కొట్టు దగ్గర.

నేనూ, ఇన్ని దేశాల ముచ్చట్లు చెప్పిన నోటితో తక్కువ చెప్పలేక, "నూటయాభైకేం," అన్నాను. ఆ టీ డబ్బులు నా జేబులో లేవు, శెట్టి ఇచ్చాడు.

ఆ రోజు నుంచి శెట్టి తువాలుకు విశ్రాంతి లేదు. గోడౌన్ల దగ్గర, బస్టాండులో, టీ కొట్టులో, కనబడ్డ ప్రతివాడి చెయ్యీ కప్పి, "టికెట్టుకు నిజంగా ఎంతిస్తావు? నాకు సెప్పద్దు, నొక్కు," అనేవాడు. చిటికెన వేలు పది, అయిదూ కలిపితే యాభై. తరువాత అరచేతి మీద ఒక తట్టు. పందేలు కడుతున్నాడని పుకారు పుట్టి ఒక కానిస్టేబుల్ వచ్చాడు. "ఏం శెట్టీ, ఏంది కత?" అంటే ఆయన చెయ్యీ కప్పాడు. కానిస్టేబుల్ ముఖం కాస్త మెత్తబడింది. ఏదో నొక్కి, అటూ ఇటూ చూసి, మాట్లాడకుండా వెళ్లిపోయాడు.

తిమ్మక్క దగ్గర మాత్రం పద్ధతి బెడిసికొట్టింది.

"ఏమప్పా శెట్టీ, పట్టపగలు నా సెయ్యి పట్టుకుంటాండావే! తులసక్కకు సెప్తా సూడు!"

"లెక్కకమ్మా, లెక్కకు!"

"నా సెయ్యి లెక్కలు నీకు యాల?"

ఆ సాయంత్రమే తులసమ్మ రంగంలోకి దిగింది. ఆడవాళ్లకు తువాలు బదులు ఆమె చీర కొంగు. నలభై ఏళ్లుగా ఇంట్లో వంకాయల ధర కూడా గుడ్డ కిందనే విన్న మనిషి. ఆమెకు ఈ భాష మొగుడికంటే బాగా వచ్చు.

నా వంతు కూడా వచ్చింది. తువాలు కింద చీకట్లో నా చెయ్యి కాసేపు తటపటాయించింది. ఏం నొక్కానో ఇప్పుడు చెప్పను.

ఆదివారం వచ్చింది. మైదానంలో షామియానా, మైకు, ల్యాప్‌టాప్ ముందు మాధురి. ముందు వరుసలో బట్టల కొట్టు బజారి లేచాడు. "బజారి. నూరు రూపాయలు!"

చప్పట్లు. పక్కవాడు లేచి, "నూట ఇరవై!" అన్నాడు.

ఇక్కడే మా ఊరి జబ్బు బయటపడింది. పుట్టినప్పటి నుంచి వేలంపాటలు విన్న చెవులు. ఒక అంకె వినబడితే దాని మీద ఇంకో అంకె వెయ్యకుండా ఉండలేవు. "నూటయాభై!" "నూట ఎనభై!" "రెండు నూర్లు!" అభిప్రాయాలు చెప్పడానికి వచ్చినవాళ్లు స్టేడియాన్ని పాడుకోవడం మొదలుపెట్టారు. "రెండునూర్ల యాభై!" అని వెనక నుంచి ఒకరు అరిచారు. చూస్తే ఎల్లప్ప. ఆయనకు మా ఊళ్లో ఓటే లేదు.

మాధురి కంగారుగా, "అండీ, ఇది వేలం కాదండీ. మీరు నిజంగా ఇవ్వగలిగింది చెప్పండి," అంది. ఎవరు వింటారు? మైకు చేతులు మారి మాదన్న దగ్గరికి వచ్చింది. మాదన్న లేచి నిలబడ్డాడు. గట్టు వైపు ఒకసారి చూశాడు. గొంతు సవరించుకున్నాడు. ఇప్పుడు రెండునూర్ల డెబ్భై అంటాడు. ఆ గట్టు పోతుంది. వచ్చే ఏడు నుంచి ఆదివారం సాయంత్రాలు గోడ అవతల నిలబడి అరుపులు వింటాడు. అది అందరికీ తెలుసు. మాదన్నకూ తెలుసు. కానీ అంతమంది ముందు ఇంకేం చెప్పగలడు?

"నా పేరు మాదన్న. నేను..."

శేషాద్రి శెట్టి లేచి మైకు లాక్కున్నాడు. తువాలు భుజం మీదే ఉంది.

"నా పేరు శేషాద్రి. పత్తి వ్యాపారం," అన్నాడు. ఆగాడు. చేత్తో తువాలు తడుముకున్నాడు, వదిలేశాడు. "నేను పది రూపాయలకు మించి పెట్టలేను."

శెట్టి నోటి నుంచి అంకె! కొందరికి పది అనేదాని కంటే ఆ సంగతే ఎక్కువ దడ పుట్టించింది.

"ఏంది శెట్టీ, రెండు గోడౌన్లుండాయి గదా నీకు!" అన్నాడు బజారి.

"ఉండాయి. అయినా పదే."

ఆడవాళ్ల వైపు నుంచి తులసమ్మ లేచింది. "ఇంటి తాళాలు నా దగ్గరుండాయి. నేను అంతకు మించి ఇయ్యను. ఇంగ అడగొద్దండి."

మాదన్న మైకు వెనక్కి తీసుకున్నాడు. "నాకూ పదే, అమ్మా," అన్నాడు మాధురితో. గొంతులో ఎక్కడా వణుకు లేదు. గోడౌన్లున్నవాడితో సమానంగా చెప్పిన అంకె మరి! "నాకూ అంతే," అంది తిమ్మక్క. "పది," అన్నాను నేను. ఇప్పుడు చెబుతున్నాను, తువాలు కింద నేను నొక్కింది కూడా చిటికెన వేలే. ఆ పైన పాట కిందికి దిగడం మొదలయింది. బజారి లేచి, తాను చెప్పింది నెల మొత్తానికి అన్నాడు. ఎల్లప్ప, తనది ఏడాది మొత్తానికి, అదీ ఎమ్మిగనూరు గెలిచిన మ్యాచ్‌లకే అన్నాడు.

మాధురి నవ్వి ల్యాప్‌టాప్ మూసింది. గట్టు ప్లానే రాసుకుంది. వెళ్లేముందు శెట్టి దగ్గరికి వచ్చి, "మీరు ఊరంతా తిరిగి అడిగారట కదండీ. ఎవరెవరు ఎంతెంత అన్నారో ఆ వివరం ఇస్తే నివేదికలో పెడతాను," అంది.

"అది నా దగ్గర లేదమ్మా," అన్నాడు శెట్టి. "ఎవరిది వాళ్ల సేతిలోనే ఉండాది."

నెలన్నర తరువాత, నేను మళ్లీ ఊరొచ్చాక, ఎమ్మిగనూరు మ్యాచ్ నాడు, గట్టు మీద మేమంతా పాత చోటనే కూర్చున్నాం. కింద రాతి మెట్లకు బండలు దించి ఉన్నాయి. నాకొక సందేహం మిగిలింది. ఆ పది నాదే అనీ, నా కోసమే చెప్పాడనీ నేను అనుకుంటున్నాను. మాదన్నతో మాట్లాడితే అది తనదే అని అతనూ అనుకుంటున్నాడు. తిమ్మక్కయితే అది తనదేనని నాతో ప్రమాణం చేసి చెప్పింది.

"శెట్టీ, ఆ పది నిజంగా ఎవరిది?" అని నెమ్మదిగా అడిగాను.

తువాలు నా చెయ్యి మీద పడింది. వేళ్ల కోసం ఎదురుచూశాను. ఏ వేలూ పట్టుకోలేదు. అరచేతి మీద ఒక్కసారి తట్టి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

అంతలో కింద ఎమ్మిగనూరు గోలు కొట్టింది. ఎల్లప్ప గెంతుతూ వచ్చాడు. "ఎన్ని, శెట్టీ, ఎన్ని? ఈసారి నోటితో సెప్పు! ఆ పొద్దు ఊరంతా వినేటట్లు సెప్పినావు గదా!"

"అది అయిపోయిందప్పా. ఒక్క అంకెకే నోరు మూడు దినాలు నొచ్చింది," అని శెట్టి తువాలు దులిపాడు. "నువ్వు నేసిందే గదా ఇది. సెయ్యి పెట్టు."

ఎల్లప్ప చెయ్యి పెట్టాడు. కాసేపటికి అతని ముఖం ఎర్రబడింది.

"ఒకటి తక్కువ నొక్కినావు!"