కట్టె గట్టుకు క్యూరింగ్

మా కామాటిపుర చాల్‌లో, వరుసగదుల ఇంట్లో, వంటగట్టుకు రాయి వద్దని కట్టె వేయించింది నా కోడలు సుజాత. తడికి కుళ్లుతుందని నేనన్నాను. అవిసె నూనె పట్టిద్దామని వడ్రంగి అన్నాడు. ఆమె ఎవరి మాటా వినకుండా నాగ్‌పాడా దుకాణంలో నీళ్లు పీల్చని పాలిష్ ఏరి తెచ్చి పూయించి, వారమంతా ఆరబెట్టింది.

ఈ రోజు పొద్దున ఆమె బజారుకు పోయింది. నాది బతుకంతా తాపీ పట్టిన చెయ్యి. కొత్త గట్టు కనబడగానే, సిమెంటు స్లాబ్ గట్టిపడాలని చేసే క్యూరింగ్ లాగే తడి గోనెసంచులు కప్పి నీళ్లు పోశాను.

ఆమె వచ్చి చూసి తల పట్టుకుంది.

"మామా, ఇది కట్టె. దీనికి క్యూరింగేంది?"

"చేతికి అలవాటమ్మా. దానికేం తెలుస్తది?"

భయపడుతూనే సంచులు ఎత్తింది. నీళ్లు గోళీల్లా పైనే నిలబడి ఉన్నాయి. గుడ్డతో తుడిస్తే కట్టె మెరిసింది.

"ఇప్పుడు చెప్పు మామా, కుళ్లిందా?"

"నేను క్యూరింగ్ చేసినంక ఎట్ల కుళ్లుతది?"

ఆమె నవ్వు ఫోరస్ రోడ్ దాకా వినబడి ఉంటుంది. సాయంత్రం ఆ గట్టు మీదే జొన్నరొట్టెలు కొట్టి నాకే ముందు పెట్టింది. ముసలోడు ఓడాడని చాల్ అంతా అంటోంది. పాలిష్ ఏరింది ఆమే, ఒప్పుకుంటాను. మరి పరీక్ష పెట్టింది ఎవరో మీరే చెప్పండి.