నీళ్లలో తేలిన డబ్బాలు

ఆ గిన్నెను చూసిన మొదటి రోజే ఎస్తేరమ్మకు ఒళ్లు మండింది. గ్లాసులాగా సన్నగా, పొడుగ్గా ఉంది. అడుగు చూస్తే అరచేతంత కూడా లేదు. ఎక్కడో విదేశంలో చేసిందని, పువ్వంత తేలికని, కొండలెక్కేవాళ్లంతా ఇదే వాడతారని శ్రవణ్ కుమార్ మురిసిపోతూ చెప్పాడు.

"గిండ్ల అన్నం పెడితే అడుగు మాడుతది, మీద పలుకు మిగుల్తది," అంది ఎస్తేరమ్మ. "గిది నీళ్లు తాగనీకి పనికొస్తది సారు, వండనీకి కాదు."

శ్రవణ్ కుమార్ నవ్వి ఆ గిన్నెనే మూటలో పెట్టించాడు. అతనిది వనపర్తి. బస్టాండు దగ్గర చిన్న ఆఫీసు పెట్టుకుని, హైదరాబాదు ఉద్యోగస్తులను నాగర్‌కర్నూల్ జిల్లాలోని నల్లమల అంచున మూడు రోజులు నడిపించి తీసుకొస్తుంటాడు. ఒక్కో జట్టుకు ఆరుగురు అతిథులు, మూటలు మోసే నలుగురు మనుషులు, వంటకు ఎస్తేరమ్మ. అడవిలో కట్టెల మంట పెట్టనివ్వరు. అందుకని చిన్న గ్యాస్ పొయ్యి, దానికి సరిపడా గ్యాస్ డబ్బాలు, గిన్నెలు, బియ్యం అన్నీ మనిషి వీపు మీదే కొండెక్కాలి.

ఆ పని ఎస్తేరమ్మకు కొత్త కాదు. ఆమెది ఇటిక్యాల దగ్గరి పల్లె. పద్నాలుగో ఏటి నుంచి మేస్త్రీల గుంపుల వెంట పుణె, సూరత్, బళ్లారి తిరిగింది. కేబులు కాలువలు తవ్వే పని ఒకచోట నిలవదు. పొద్దున ఒక మైలురాయి దగ్గర మొదలుపెడితే సాయంత్రానికి ఇంకో రాయి. పదహారు మంది తిండికి కావలసిందంతా నెత్తిన పెట్టుకుని కాలువ వెంట నడిచేది. కట్టె దొరకని మైదానాల్లో పత్తి కంపతో, ఎండిన పేడతో వండింది. గాలి ఎటు నుంచి కొడుతుందో చూడకుండా ఏనాడూ పొయ్యి ముట్టించలేదు. గంప బరువుగా ఉంటే మెడ చెబుతుంది, మంట వృథాగా పోతే కడుపు చెబుతుంది. ఆ రెండూ ఆమె బాగా ఎరుగును. ఆమె నోటికి మేస్త్రీలు సైతం జంకేవాళ్లు.

భర్త చనిపోయాక ఊరికి తిరిగొచ్చింది. మరిది యేసయ్య అప్పటికే శ్రవణ్ కుమార్ దగ్గర మూటలు మోస్తున్నాడు. వంటమనిషి కావాలన్నప్పుడు వదిన పేరు చెప్పింది అతనే.

మొదటి నడకలో ఐదు గ్యాస్ డబ్బాలు పట్టుకుపోతే ఐదూ అయిపోయాయి. మూడో రోజు పొద్దున టీకి కూడా మిగల్లేదు. సన్నటి గిన్నె అడుగు దాటి మంట పక్కల నుంచి ఎగదన్నుకుని పోతుంటే ఎస్తేరమ్మ చూస్తూ కూర్చుంది. పైకి పోతున్న ఆ మంటను యేసయ్య వీపు మీద మోసుకొచ్చాడు. ఆ మాట తలుచుకున్నకొద్దీ ఆమెకు మండుకొచ్చింది.

కొండ దిగిన మరునాడే వనపర్తి బజారుకు పోయింది. గిన్నెల దుకాణంలో ఒక్కొక్కటీ తీసి గచ్చు మీద బోర్లించి, మళ్లీ నిలబెట్టి, ఊగుతుందా లేదా చూసింది. వెడల్పుగా, పొట్టిగా, అడుగు బల్లపరుపుగా ఉన్న అల్యూమినియం గిన్నెలు రెండు ఎంచుకుంది. చిన్నది పెద్దదాంట్లో ఇమిడిపోతుంది. బొటనవేలితో నొక్కి చూసి మరీ పలుచనివి పక్కన పెట్టింది. అవి కొండ దారిలో సొట్టపోతాయి. చెవులు కోయించేసింది. దించడానికి పట్కారు ఉండగా చెవులు మోయడం దేనికి. మూతకు బదులు తినే పళ్లెమే సరిపోయేట్టు చూసుకుంది. బయటి మసిని తోమొద్దని అందరికీ చెప్పింది. నల్లటి అడుగు వేడిని తొందరగా పట్టుకుంటుంది.

తరువాత ఖాళీ నూనె టిన్ను ఒకటి కోసి, ఆ రేకును గిన్నె చుట్టూ చుట్టుకునేట్టు వంచింది. రేకుకూ గిన్నెకూ మధ్య చిటికెన వేలు దూరేంత సందు. మంటకు ఊపిరి ఆడాలి కాబట్టి కింద వరసగా బొక్కలు కొట్టింది. పొయ్యి నుంచి డబ్బాకు పోయే పైపు కోసం ఒక పక్కన చీలిక. డబ్బా మాత్రం ఎప్పుడూ రేకుకు బయట, మూరెడు దూరంలో ఉండాలి. వంట అయ్యేలోపు రెండు మూడుసార్లు దాని మీద చేయి వేసి చూసేది. వేడెక్కితే అది డబ్బా కాదు, బాంబు.

ఇంటి ముందర పొయ్యి పెట్టి, యేసయ్య ఫోనులో గడియారం చూస్తుండగా రెండు లీటర్ల నీళ్లు కాచింది. పొడుగు గిన్నెలో పదకొండు నిమిషాలు పట్టింది. తన గిన్నెలో, రేకు చుట్టి పెడితే, ఏడు. బియ్యం గంట ముందే నానబెట్టి, ఒక్క ఉడుకు రాగానే మంట తగ్గించి, నీళ్లు ఇంకుతుండగానే దించి గోనెసంచి చుట్టి పెడితే అన్నం తనంతట తాను ఉమ్మగిల్లింది. కందిపప్పు మానేసి పెసరపప్పుకు మారింది. తరువాతి నడకలో మూడు డబ్బాలతో అందరికీ రెండు పూటలా వేడివేడిగా పెట్టింది. ఇంకో రెండు డబ్బాలు మిగిలాయి.

ఆ రెంటి మీద ఎస్తేరమ్మకు ఒక లెక్క ఉంది. మూట మోసేవాళ్లకు అంతవరకూ పొద్దున టీ లేదు. అతిథులు తాగాక గ్యాస్ ఉంటే ఉన్నట్టు, లేకుంటే లేనట్టు. మిగిలిన గ్యాసు వాళ్ల టీకి, కాళ్లు కడుక్కునే వేడినీళ్లకు అనుకుంది.

శ్రవణ్ కుమార్ లెక్క వేరేగా ఉంది. ఆమె పొయ్యి దగ్గర వీడియో తీసుకున్నాడు. "నువ్వు ఇంజనీరు కావాల్సినదానివి అక్కా," అన్నాడు. తరువాతి జట్టుకు మూడు డబ్బాలే ఇచ్చాడు. అడిగితే, "మూడింట్ల అయితదని నువ్వే చూపిస్తివి కద," అన్నాడు. ఎస్తేరమ్మ ఆ మూడూ తీసుకుని సంచిలో సర్దుకుంది. తరువాత ఎన్నోసార్లు తలుచుకుని తనను తాను తిట్టుకున్న క్షణం అదే. అక్కడే గొంతెత్తి ఉంటే సరిపోయేది. గుంపుల్లో మేస్త్రీలకు ఎదురు నిలిచిన మనిషి, ఇంజనీరన్న ఒక్క మాటకు మెత్తబడి ఊరుకుంది.

డిసెంబరు నడకకు ఆఫీసులో మూడు డబ్బాలు చేతికొచ్చాయి. రెండు మరీ తేలికగా అనిపించాయి. పైపు బిగించే మర దగ్గర గీతలు పడి ఉన్నాయి.

"గివి వాడినవి లెక్క ఉన్నయి సారు," అంది.

"కొత్తవే అక్కా. మూతలు చూడు."

ఎర్ర మూతలు కొత్తగానే ఉన్నాయి. మూత ఎవరైనా పెట్టొచ్చు. కానీ బస్సుకు టైమైంది, అతిథులు బయట నిలబడి ఉన్నారు.

రెండో రోజు తెల్లవారుతూనే వాన పట్టుకుంది. ఆ కాలంలో రావలసిన వాన కాదు. చలిగాలితో కలిసి మధ్యాహ్నం దాకా కొట్టింది. అందరికన్నా ముందు మూట మోస్తున్న యేసయ్యకు మీద కప్పుకోవడానికి గుడ్డ లేదు, ఉన్న ప్లాస్టిక్ పట్టా అతిథుల సామాను మీద కప్పాడు. మూడు గంటలకు బండల కింద గుడారాలు వేసుకునేసరికి అతనికి పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. ఎస్తేరమ్మ అతని నుదుటి మీద చేయి వేస్తే కాలింది.

"ఏం లేదు వదినా. జర వేడిగ గంజి పొయ్యి, లేచి కూసుంట," అన్నాడు.

మొదటి డబ్బా ముందు రాత్రి వంటకే అయిపోయింది. రెండోది తగిలించి ముట్టించింది. మంట ఒక్కసారి లేచి, వెంటనే కుంగి, వత్తి కొసంత నీలంగా మిగిలింది. మూడోది తగిలించింది. అదీ అంతే. గిన్నెలో నీళ్లు గోరువెచ్చన కూడా కాలేదు.

శ్రవణ్ కుమార్ వంగి చూశాడు. "చలికి గ్యాస్ మందగిస్తది అక్కా. అన్ని డబ్బాలు గట్లనే చేస్తయి. జరసేపు చంకల పెట్టుకో."

చలికి గ్యాసు మందగిస్తుందన్నది అబద్ధం కాదు. ఎస్తేరమ్మకూ తెలుసు. అందుకే డబ్బాను కొంగులో చుట్టి, కడుపుకు ఆనించుకుని కూర్చుంది. పది నిమిషాలు. మళ్లీ తగిలించింది. మంట లేవలేదు. ఎదురుగా యేసయ్య గోనెసంచి కప్పుకుని ముడుచుకుని పడుకున్నాడు. గాలి తగిలినప్పుడల్లా దగ్గు తెరలు తెరలుగా వస్తోంది.

ఆమె లేచింది. పెద్ద గిన్నెలోని నీళ్లను అతిథుల గుడారం ముందరి బండ మీదికి తెచ్చి పెట్టింది. రెండు డబ్బాలనూ నీళ్లలో వదిలింది. అవి ఎండిన సొరకాయ బుర్రల్లాగా పైకి తేలి, ఒక పక్కకు ఒరిగి ఊగాయి.

"ఏంది ఆంటీ ఇది?" అని అడిగింది అర్చన. హైదరాబాదులో బ్యాంకు ఉద్యోగం చేసే అమ్మాయి, ఆ జట్టులో అతిథి.

"గ్యాస్ నిండ ఉన్న డబ్బా నీళ్లల్ల మునుగుతదమ్మా, భుజం దాక. లోపల ఏం లేకుంటే గిట్ల తేల్తది." ఎస్తేరమ్మ శ్రవణ్ కుమార్ వైపు తిరిగింది. "మీ సంచిల ఒకటుంది కద సారు. అది తెచ్చి ఇండ్ల ఎయ్యుండ్రి."

"అది అతిథుల కాఫీకి, అక్కా. రేపు పొద్దున—"

"ఎయ్యుండ్రి. ఊకె చూద్దాం."

అతిథులు ఆరుగురూ చూస్తున్నారు. అతను సంచి విప్పక తప్పలేదు. ఆ డబ్బా నీళ్లలో నిటారుగా దిగి, భుజం దాకా మునిగి నిలబడింది. పక్కన మిగతా రెండూ తేలుతున్నాయి. అతిథుల్లో ఒకాయన మెల్లగా, "అంటే ఇవి పాత జట్లు వాడి పారేసినవా, శ్రవణ్?" అన్నాడు.

"పారేసినవి కావు సార్, కొంచెం మిగిలినవి. వేస్ట్ చేయకూడదని..."

"మిగిల్చింది నేను," అంది ఎస్తేరమ్మ. "గిన్నె ఏరుకొచ్చి, రేకు కోసి, ఏళ్లు తెగ్గోసుకుని మిగిల్చిన. గీళ్ల టీనీళ్లకని మిగిల్చిన. మీరు దాన్ని మీ సంచిల ఏసుకుంటిరి. మాకు ఖాళీ డబ్బాలు మోపిస్తిరి. ఆ ఖాళీది గూడ వాని ఈపు మీదనే వచ్చింది సారు."

ఆమె నిండు డబ్బాను నీళ్లలో నుంచి తీసి కొంగుతో తుడిచింది. శ్రవణ్ కుమార్ ముఖం ఎర్రబడింది.

"ఎస్తేరమ్మా, ఇదే నీకు చివరి ట్రిప్పు," అన్నాడు. అక్క అన్న మాట ఎటో పోయింది.

"కొండ దిగినంక చెప్పుండ్రి గా మాట. ఇప్పుడైతే గాలి గీ పక్క నుంచి కొడ్తుంది. గీడ అడ్డం నిలబడుండ్రి."

అతను కదల్లేదు. అర్చన వచ్చి నిలబడింది. వెనకే ఇంకో ఇద్దరు వచ్చారు. అప్పుడు అతనూ వచ్చి నిలబడ్డాడు. గంజి కాగేదాకా వాన చినుకులు వీపు మీద పడుతుంటే అట్లాగే నిలబడ్డాడు. ఎస్తేరమ్మ అతని వైపు మళ్లీ చూడలేదు. యేసయ్య తల ఎత్తి పట్టుకుని, ఊదుతూ, గంజి తాగించింది. ఆ తరువాతే అందరికీ అన్నం పెట్టింది.

మరునాడు మధ్యాహ్నానికి యేసయ్యను జోలెలో మోసుకుని రోడ్డెక్కించారు. అతిథులు కూడా తలా ఒక కొన పట్టారు. అచ్చంపేట దవాఖానలో ఊపిరితిత్తులకు నిమ్ము చేరిందన్నారు. తొమ్మిది రోజులు ఉంచుకున్నారు. బతికాడు. కానీ బరువు మోస్తూ ఎత్తు ఎక్కే పని ఇక వద్దన్నాడు డాక్టరు. నలభై నాలుగేళ్ల మనిషికి ఆ మాట చెబుతుంటే పక్కన నిలబడ్డ ఎస్తేరమ్మ గోడను గుద్దింది. చెయ్యి వాచింది తప్ప గోడకేం కాలేదు.

శ్రవణ్ కుమార్ వేరే వంటమనిషిని పెట్టుకున్నాడు. మోసేవాళ్లలో నాగన్న, దేవరాజు పోమన్నారు. జనవరిలో రెండు జట్లు సగం ఉడికిన అన్నం తిని తిరిగొచ్చాయని తెలిసింది. ఆ తరువాత ఒకరోజు అతను ఇటిక్యాల వైపు బండి మీద వచ్చాడు. ఎస్తేరమ్మ వాకిట్లో బియ్యం చెరుగుతోంది. కూర్చోమనలేదు.

"జరిగిందేదో జరిగింది అక్కా," అన్నాడు.

"జరిగింది కాదు. నువ్వు చేసింది," అంది. మీరు అనడం ఆమె ఆ కొండ మీదే వదిలేసింది. "రావాల్నంటే ఒకటే మాట. మోసేటోళ్లకు వాళ్ల డబ్బాలు వాళ్లకే. మూత మేమే తీస్తం, బయలెల్లక ముందే నీళ్లల్ల ఏసి చూస్తం. వాన కోటు మనిషికొకటి. ఒంట్ల బాగలేనోన్ని వాపస్ పంపనీకి నీ పర్మిషన్ అడగం."

"డబ్బాలకు, కోట్లకు సరే. వాపస్ పంపుడు మాత్రం నేను అప్పటికప్పుడు చూసి..."

"అయితే పో. చూసినంకనే రా."

అతను వెళ్లిపోయాడు. రెండు రోజులకు ఫోను చేసి అన్నిటికీ ఒప్పుకున్నాడు. ఎస్తేరమ్మ సరే అని పెట్టేసింది. సంతోషం కలగలేదు. ఒప్పుకోవడం ఇంత తేలికైనప్పుడు మనిషి ఊపిరి చెడేదాకా ఆగడం దేనికి అన్న ప్రశ్నే ఆమెను పొడిచింది. ఇంకో ఊళ్లో ఇంకో శ్రవణ్ కుమార్ దగ్గర ఇంకో యేసయ్య ఇప్పుడు ఏ ఖాళీ డబ్బా మోస్తున్నాడో అనుకుంటే అన్నం సహించలేదు.

యేసయ్య ఇప్పుడు బీచుపల్లి దగ్గర, హైవే పక్కన ఒక హోటల్లో గ్లాసులు కడుగుతున్నాడు. నడకల కోసం వనపర్తికి పోయే పొద్దుల్లో ఎస్తేరమ్మ అక్కడ బస్సు దిగి ఒక పావుగంట అతని దగ్గర కూర్చుంటుంది. మొన్న అట్లా కూర్చున్నప్పుడు అతనే అన్నాడు.

"పానం మంచిగనే ఉంది గద వదినా. ఇంక మర్చిపోరాదు. నీ మొకం చూస్తే వంటలు గూడ మాడుతయి."

"నువ్వు మర్చిపో," అంది ఎస్తేరమ్మ. "నాకు మర్చిపోబుద్ధి అయితలేదు."

యేసయ్య నవ్వబోయాడు. దగ్గు వచ్చింది. వదిన లేచి అతని వీపు నిమురుతూ, బస్సు వచ్చి ఆగి వెళ్లిపోతున్నా, ఆ దగ్గు తగ్గేదాకా అక్కడే నిలబడింది.