గేరు పెట్టెలో కొబ్బరినూనె

చలికాలంలో సీసాలో కొబ్బరినూనె పేరుకుంటే నాకు మా బాబాయిగారు గుర్తొస్తారు. పంతొమ్మిదివందల యాభైల్లో, రాజోలు దగ్గర మా ఊళ్లో కారున్నది ఆయనొక్కరికే. అందులో ఏ చిన్న చప్పుడు వినిపించినా బండి ఆపేసి, కళ్లు మూసుకుని, బోనెట్ మీద చెవి ఆనించేవారు. మేం మాట్లాడబోతే చెయ్యెత్తి, "ఉండండర్రా, ఏదో చెబుతోంది" అనేవారు.

నేను పురిటికి పుట్టింట్లో ఉండగా ఓరోజు గేరు పెట్టె కరకరమంది. మూత తీసి చూస్తే నూనె అడుగంటింది. కారు నూనె కావాలంటే గోదావరి దాటాలి. బాబాయిగారు అంతదాకా ఆగలేక, గానుగ నుంచి అప్పుడే తెచ్చిన కొబ్బరినూనె పోసేరు. ఆ సాయంత్రం కారు హాయిగా నడిచింది.

మర్నాడు తెల్లవారేసరికి మంచు. నాకు నొప్పులు మొదలయ్యేయి. అమలాపురం ఆసుపత్రికి బయల్దేరబోతే గేరు పడలేదు. లోపల నూనె నెయ్యిలా గడ్డకట్టేసింది!

"తలకి రాసుకునేది దానికి పోసేరు. చలికి పేరుకోదుటండీ?" అంటూ పిన్ని కాగులో మరుగుతున్న నీళ్లు తెచ్చి గేరు పెట్టె మీద కుమ్మరించింది. కాసేపటికి కారు కదిలింది. దారంతా నూనె రాసుకున్న జడ వాసన.

ఆసుపత్రిలో పిల్లాడు గుక్కపట్టి ఏడుస్తుంటే అందరూ ఊరుకోబెట్టబోయేరు. బాబాయిగారు చెయ్యెత్తేరు. కళ్లు మూసుకుని, వాడి గుండెల మీద మెల్లిగా చెవి ఆనించేరు.

"ఉండండర్రా, ఏదో చెబుతున్నాడు."