పులుసు దించే ముందు మా అమ్మ గుప్పెట్లో ఏముండేది?

మా చిన్నప్పుడు... పొయ్యి మీద చేపల పులుసు కుతకుతలాడుతుంటే నన్ను వంటింట్లోంచి గెంటేసేది మా అమ్మ. అక్కని మాత్రం పొయ్యి పక్కనే కూర్చోబెట్టుకునేది. "మగపిల్లాడివి, ఈ పొగలో నీకేం పనిరా, పో అవతలికి" అనేది. ఆ కోపం నాకు ఇంకా పోలేదు. డెబ్బై దాటాను... అయినా పోలేదు.

మూడో తరగతితో చదువు ఆపేసినవాణ్ణి. తప్పులుంటే మీరే సర్దుకుని చదువుకోండి.

మాది కొల్లేటికోట. చుట్టూ నీళ్ళే. నాన్న తెల్లారేసరికి దోనె మీద వచ్చి మట్టగిడసలు గుమ్మంలో పడేసేవాడు. అమ్మ ఆ చేపలకి బూడిద రాసి, బండ మీద తోమి, ఉప్పూ పసుపూ వేసి నాలుగు నీళ్ళు కడిగేది. ఉల్లిపాయలూ ఎండుమిరపకాయలూ సన్నికల్లు మీద నూరేది. ఆ ముద్ద నూనెలో వేగుతుంటే నేను గుమ్మం బయట గోడకి ఆనుకుని కూర్చుని ముక్కుతోనే సగం అన్నం తినేసేవాణ్ణి.

పులుసులో గరిటె పెట్టకూడదు. మసిగుడ్డతో దాకని రెండు పక్కలా పట్టుకుని మెల్లగా తిప్పాలి. గరిటె పెడితే ముక్క చితికిపోతుంది. ఇది మా వైపు పిల్లలకి కూడా తెలుసు.

దించే ముందు మా అమ్మ ఏదో ఒకటి వేసేది. గుప్పెట మూసి తెచ్చి, దాక మీద తెరిచి, వెంటనే మూత పెట్టేసేది. ఆ వాసన గుమ్మం దాకా వచ్చేది గానీ... గుప్పెట్లో ఏముందో నాకు కనబడేది కాదు. అక్కకి కనబడేది.

అమ్మ పోయాక ఆ పులుసు మండవల్లిలో అక్క ఇంట్లోనే దొరికేది. అదే వాసన. నెలకోసారైనా బస్సెక్కేవాణ్ణి. ఒకరోజు అన్నం తింటూ అడిగాను.

"ఆఖర్న ఏం వేస్తావే అక్కా?"

"చెప్పను."

"చెబితే నీ సొమ్మేం పోద్ది?"

"చెబితే ఇంక మా గుమ్మం ఎక్కుతావేంట్రా నువ్వు? పులుసు కోసం వస్తావు గానీ, నా కోసం వస్తావా!" అని నవ్వింది. బావగారూ నవ్వారు.

నాకు ఒళ్ళు మండింది. తిండికి వాచి వస్తున్నానా నేను? సగం అన్నం కంచంలోనే వదిలేసి చెయ్యి కడుక్కున్నాను. "కూర్చోరా, వేళాకోళం ఆడాను" అంటూ వీధి దాకా వచ్చింది. వినలేదు. పద్దెనిమిదేళ్ళయింది... మళ్ళీ ఆ గుమ్మం ఎక్కలేదు.

మా ఆవిడ పోయినప్పుడు అక్క వచ్చింది. "రెండు మెతుకులు తినరా తమ్ముడూ" అంది. మొహం తిప్పుకున్నాను.

ఇప్పుడు తాడేపల్లిగూడెంలో ఒక గది, ఒక గ్యాసు పొయ్యి. రైసుమిల్లు పని మానేసి చాలాకాలమైంది. పొద్దున్న అర గ్లాసు బియ్యం పడేస్తే రెండు పూటలకీ అదే. ఒక్కడికి వండుకోవడమంత దండగమారి పని ఇంకోటి లేదు.

మొన్నామధ్య ఈ ఫోన్లో ఏదో చూస్తుంటే అక్క కనబడింది. వాళ్ళ కోడలు వీడియో తీస్తుంటే వంట చెబుతోంది. "సులువుగా, రుచిగా కొల్లేటి చేపల పులుసు" అట. జుట్టంతా తెల్లబడిపోయింది. గరిటె పెట్టకుండా దాకే తిప్పింది. కొత్తిమీర చల్లి "అంతేనండీ" అంది.

అంతే కాదు! నాకు తెలీదా?

అయినా చెప్పినట్టే చేశాను. అరకిలో చేప. రెండు పెద్ద ఉల్లిపాయలు, ఆరు ఎండుమిరపకాయలు నూరి నూనెలో ఎర్రగా వేయించాలి. నాలుగు పచ్చిమిరపకాయలు, నాలుగు బెండకాయ ముక్కలు, నిమ్మకాయంత చింతపండు పులుసు. అది మరిగాకే చేప ముక్కలు. ఆ తరవాత పావుగంట సన్నసెగ. మీరూ చేసుకోండి, బాగానే ఉంటుంది. కానీ అది మా అమ్మ పులుసు కాదు. మెంతిపొడి వేసి చూశాను, జీలకర్ర వేసి చూశాను, వెల్లుల్లి దంచి వేసి చూశాను. ఆ వాసన రాలేదు. వండిన ప్రతిసారీ మూడేసి రోజులు నేనే తిన్నాను.

ఒక సంగతి ఎవరికీ చెప్పలేదు. నాకు ఎనిమిదేళ్ళప్పుడు, అమ్మ పులుసు అక్కకి అప్పజెప్పి వెళ్ళింది. అక్క నీళ్ళ బిందెకని లేచింది. నేను చొరబడి, అడుగున ఏముందో చూద్దామని గరిటె పెట్టి కెలికేశాను. ముక్కలన్నీ ముద్దయిపోయాయి. అమ్మ వచ్చి "గరిటె పెట్టిందెవరే?" అంది. "నేనే అమ్మా" అంది అక్క. వీపు మీద రెండు పడ్డాయి. నేను గోడవతల నిలబడి విన్నాను... నోరు విప్పలేదు.

పెట్టింది నేను. ఇదిగో, అందరి ముందూ చెబుతున్నాను.

ఇప్పుడు ఎవరింటి వంటైనా ఫోన్లోనే నేర్చుకోవచ్చు. మంచిదే. కానీ ఒక కూర కోసం బస్సెక్కి ఒకళ్ళింటికి వెళ్ళే పని పోయింది.

మీ ఇళ్ళల్లో పులుసు దించే ముందు ఏం వేసేవారో రాయండి, చదువుతాను. మా అక్క చెప్పేదాకా ఏదీ నమ్మను గానీ, చదువుతాను.

అక్కా, ఈ వచ్చే ఆదివారం మధ్యాహ్నం పన్నెండింటిదాకా గడువు. చేపలు కడిగి ఉప్పూ పసుపూ పట్టించి ఉంచుతాను. ఇద్దరికి సరిపడా తెస్తున్నాను. ఇక్కడ రాస్తావో, ఫోన్ చేస్తావో నీ ఇష్టం. చెప్పడం ఇష్టం లేకపోతే గుప్పెట మూసుకునే రా... నేను గుమ్మం బయటే కూర్చుంటాను. తొంగి చూడను. పన్నెండు లోపల ఏదో ఒకటి చెప్పు.