ఫెలిమ్ మూసిన గోడ

తప్పు చేసినవాడికి కంటి మీద కునుకు ఉండదంటారు. ఒట్టి మాట. ఫెలిమ్ మెకేబ్ పదిహేనేళ్లు హాయిగా గురక పెట్టి నిద్రపోయాడు.

ఐర్లండ్‌లో కావన్ చుట్టుపక్కల గోడ కట్టే మేస్త్రీల్లో అతనిది పెద్ద పేరు. పదిహేనో ఏట తండ్రి దగ్గర తాపీ పట్టాడు, అరవై దాటాక మోకాళ్లు మొరాయిస్తే గానీ దించలేదు. ఇంటి పక్కగోడను తాడు పట్టినట్టు నిటారుగా లేపడంలో అతన్ని మించినవాడు లేడు. కొత్త పనివాళ్లకి ఆ గోడలు చూపించి, అలా కట్టండిరా అని చెప్పేవారు. భార్య నూలా బతికున్నప్పుడు, ఈయన గోడలకి చెప్పినన్ని మాటలు నాకు చెప్పలేదని ఎత్తిపొడిచేది. అదీ నిజమే.

ఆ దేశపు వానకి ఒంటి గోడ ఆగదు. అందుకే సిమెంటు దిమ్మెలతో రెండు గోడలు కడతారు, మధ్యలో సందు వదులుతారు. చలి రాకుండా ఆ సందులో గట్టి ఫోమ్ పలకలు పెడతారు. పని తెలిసినవాడు ముందు లోపలి గోడ కొంత లేపి, దాని మీద పొంగిన సిమెంటు మాలు గీకేసి, పలకను గోడకి అతుక్కునేలా నొక్కి, క్లిప్పులు బిగించి, ఆ తర్వాతే బయటి గోడ జోలికి వెళ్తాడు. పలక వెనక బొటనవేలంత సందున్నా చాలు, చలిగాలి చుట్టూ తిరిగి లోపలికొస్తుంది. అప్పుడు పలక ఉన్నా లేనట్టే.

ఇదంతా ఫెలిమ్‌కి కంఠతా వచ్చు. అయినా ఊరి చివర వాడ కడుతున్నప్పుడు, ఒక అక్టోబరులో ఊరి ఫుట్‌బాల్ జట్టు జిల్లా ఫైనల్‌కి చేరింది. ఫైనల్ ముందు శుక్రవారం మధ్యాహ్నమే పని ఆపి రోడ్డు పొడుగునా జెండాలు కట్టడం అక్కడి ఆచారం. ఆ శుక్రవారానికి చివరి ఇంటి పడమటి గోడ ఇంకా మిగిలే ఉంది. పైన మబ్బు కమ్మింది.

"ఏరా, ఒక్కో క్లిప్పూ ముద్దు పెట్టుకుంటూ కూచుంటే జెండాలెవరు కడతార్రా, మీ అత్తగారా?" అన్నాడు ముఠా పెద్ద కార్మక్.

"మాలు గీకాలిగా."

"రెండు గోడలూ ఒకేసారి లేపెయ్. పలకలు పైనుంచి జారవిడువు. మూసేశాక లోపలికెళ్లి చూసేది ఎలకలే."

అందరూ నవ్వారు, ఫెలిమ్ కూడా. రెండు గోడలూ కలిపి లేపాడు, పలకలు పైనుంచి జారవిడిచాడు. అవి మాలు ముద్దల మీద ఆనుకుని వంకరగా నిలబడ్డాయి. నేల అంచు నుంచి చలి ఎక్కకుండా పెట్టాల్సిన ఫోమ్ పట్టీ సంగతి ఎవరూ ఎత్తనేలేదు. క్లిప్పుల పెట్టె మూత తీయకుండానే గోడ మూసేశాడు. ఆదివారం ఊరి జట్టు చిత్తుగా ఓడిపోయింది. ఆ ఓటమిని అతను ఏళ్ల తరబడి తిట్టుకున్నాడు గానీ గోడను ఒక్కసారీ తలుచుకోలేదు.

పదిహేనేళ్ల తర్వాత కూతురు ఓర్లా మొగుణ్ణి వదిలేసి, రెండేళ్ల బ్రోనాను చంకనెత్తుకుని వచ్చింది. స్థానిక కౌన్సిల్ వాళ్లు సర్కారు ఇల్లిచ్చారు. ఆ వాడలోనే, చివరి ఇల్లు. పిల్లకి పడమటి గది.

మొదటి చలికాలం నవంబరులో గోడ మీద నల్లటి బూజు మచ్చలు లేచాయి. ఎవరికైనా అవి మచ్చలే. ఫెలిమ్‌కి మాత్రం మాలు ముద్దలు ఎక్కడెక్కడ ఇరుక్కున్నాయో చదివి చెప్పినట్టు తెలిసిపోయింది. టీ కప్పు కింద పెట్టేసి ఇంటికెళ్లిపోయాడు.

బ్రోనాకి దగ్గు పట్టుకుంది. దగ్గు ఆయాసమైంది, ఆయాసం ఇన్‌హేలర్ దాకా వెళ్లింది. ఓర్లా అర్జీ పెడితే కౌన్సిల్ మనిషి వచ్చి గోడ తట్టి చూశాడు. గోడలో లోపముంటే వేరే ఇల్లివ్వాలి, లేకపోతే అక్కర్లేదు.

"పలకలు వేసినట్టు కాగితాల్లో ఉందమ్మా. గోడకేం లేదు. మీరు లోపల బట్టలారేస్తారు, కెటిల్ మరిగిస్తారు, కిటికీలు మూసుకుని కూచుంటారు. ఆ చెమ్మే ఇది." ఆయన ఫెలిమ్ వైపు తిరిగాడు. "మీరు ఈ పనిలో పండినవారు. మీరే చెప్పండి."

చెప్పాల్సిన క్షణం అదే. నోరు విప్పితే పిల్లకి మంచి ఇల్లొస్తుంది, నలభై ఏళ్ల పేరు మట్టిలో కలుస్తుంది. అంతే లెక్క, ఇందులో చిక్కేమీ లేదు.

"కిటికీలు తెరవడం మంచిదే," అన్నాడు ఫెలిమ్.

తండ్రి మాట కదా, ఓర్లా నమ్మింది. మంచు పడే రోజుల్లోనూ పిల్ల గది కిటికీ తెరిచిపెట్టింది. తడిబట్టలు అర మైలు మోసుకెళ్లి లాండ్రీలో ఆరబెట్టుకొచ్చింది. వంట తగ్గించి బ్రెడ్డుతో, వండనక్కర్లేని హామ్ మాంసంతో సరిపెట్టింది. నాకు ఇల్లు చూసుకోవడం చేతకాదని చుట్టుపక్కల వాళ్ల దగ్గర తనే తలదించుకునేది. ఫెలిమ్ ప్రతి శనివారం బ్లీచ్ డబ్బా, బూజు పట్టని పెయింటూ పట్టుకొచ్చి కూతురి పక్కనే మోకాళ్ల మీద కూచుని గోడ తోమేవాడు. పిల్ల మీద ప్రేమ లేదనలేం. ఉంది. ఉండి మూడు చలికాలాలు నోరు కుట్టుకున్నాడు, అదే కడుపు మండే సంగతి.

మూడో ఏడు ఫిబ్రవరిలో బ్రోనా పెదాలు నీలంగా మారాయి. ఆస్పత్రిలో ముక్కుకి గొట్టాలు పెట్టి తొమ్మిది రోజులుంచారు. ప్రాణం దక్కింది. ఊపిరితిత్తులు మాత్రం మునుపట్లా ఉండవని, పరిగెత్తే ఆటలు ఈ పిల్లకి వద్దని డాక్టరమ్మ చెప్పింది.

ఆ మాట విన్న మర్నాడు పొద్దున్నే, పిల్ల ఇంకా ఆస్పత్రిలో ఉండగానే, ఫెలిమ్ ఉలీ సుత్తీ తీసుకుని పడమటి గోడకి బయటి నుంచి మూడు దిమ్మెలు ఊడదీశాడు. ఆస్పత్రి నుంచి బట్టల కోసం వచ్చిన ఓర్లా ఆ చప్పుడు విని ఇంటి పడమటి పక్కకి వచ్చింది.

"నాన్నా, ఏం చేస్తున్నావ్?"

"చెయ్యి పెట్టి చూడమ్మా."

ఓర్లా సందులోకి చెయ్యి పెట్టింది. పలక వదులుగా ఊగింది. దాని వెనక నుంచి చల్లటి గాలి వేళ్లకి తగిలింది.

"ఎవరు కట్టారిది?"

"నేనే."

ఫుట్‌బాల్ ఫైనల్, జెండాలు, కార్మక్ మాట, మూత తీయని పెట్టె, అంతా వరసగా చెప్పాడు. ఓర్లా అతన్ని వంటింట్లోకి తీసుకెళ్లి కాగితం, పెన్ను ముందు పెట్టింది.

"రాయి. కౌన్సిల్ వాళ్లకి ఇస్తాను."

తాపీ పట్టిన వేళ్లకి పెన్ను కుదరలేదు. అయినా రాశాడు. గోడ తను కట్టానని, పలకలు బిగించలేదని, కూతురి తప్పేమీ లేదని రాసి సంతకం పెట్టాడు. ఆ చివరి వాక్యం చూసి కూతురి మనసు కరుగుతుందేమోనని ఆశపడ్డాడు.

ఓర్లా రెండుసార్లు చదివి కాగితం మళ్లీ అతని ముందుకి తోసింది.

"తేదీ లేదు."

"కట్టింది అక్టోబరులోనమ్మా. వేస్తాను."

"కట్టిన తేదీ కాదు నాన్నా. ఈ బూజు గోడ వల్లేనని నీకు తెలిసిన తేదీ."

ఫెలిమ్ కూతురి మొహంలోకి చూడలేక కాగితం వైపు చూశాడు. ఆమె అక్కడే నిలబడింది. అతను నవంబరు అని రాశాడు, పక్కన మూడేళ్ల కిందటి సంవత్సరం వేశాడు. ఓర్లా ఆ అంకెలు ఆరేదాకా ఆగి, కాగితం మడిచి, ఆస్పత్రికి బయల్దేరుతూ తాతను ఎందుకు తీసుకురాలేదని బ్రోనా అడిగితే ఏం చెప్పాలో అతన్నే అడిగింది.