కస్తూరక్క చెప్పిన ఇంగ్లీషు

కస్తూరక్క లేదు.

నిన్న పొద్దున ప్రేయర్‌కి పిల్లల్ని లైన్లో నిలబెట్టి, చిత్తూరు బస్సు కోసం చూస్తున్నాను. బస్సు వచ్చింది, వెళ్లిపోయింది. అక్క దిగలేదు. షేర్ ఆటోలో వస్తుందిలే అనుకున్నాను.

అంతలో వాళ్లాయన ఫోన్.

"అమ్మా, కస్తూరి పోయింది. హార్ట్ ఎటాక్ అంట. ఆస్పత్రికి తీసకపోయేలోపలే అయిపోయినాది."

ముందురోజు సాయంత్రం నాతో వాదిస్తూ బస్సెక్కిన మనిషి. ఎట్లా నమ్మేది? పిల్లలు ప్రతిజ్ఞ చెప్తూనే ఉన్నారు. అయ్యేదాకా ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని ఉన్నాను.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను. మాది చిత్తూరు దగ్గర, తమిళనాడు బార్డర్ పక్క ఊళ్లో చిన్న ప్రైమరీ స్కూల్. టీచర్లం ఇద్దరమే, అక్కా, నేనూ. ఇంగ్లీషు మీడియం వచ్చాక పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీలో అదే పాఠం తెలుగులో ఉంటుంది.

ఆ తెలుగు పేజీ అంటే మా ఊరి పేరెంట్స్‌కి పడదు.

మునిరత్నం అని ఆటో తోలుతాడు. కాస్త మామిడి తోట కూడా ఉంది. కూతురు చందన నాలుగో క్లాసు. ఆ పిల్ల పుస్తకం తెరిస్తే, తెలుగు పేజీలన్నిటి మీదా పాత క్యాలెండర్ కాగితాలు. మైదా బంకతో నీట్‌గా అంటించి పెట్టాడు తండ్రి. తెలుగు కనిపిస్తే పాప ఇంగ్లీషు చదవదని ఆయన భయం. పాపం, మంచికే చేశాడు.

ఒకరోజు చందన లేచి ఆకుల పాఠం ఇంగ్లీషులో గడగడా అప్పజెప్పింది. తప్పు లేదు. అక్క అడిగింది, "బాగుండాది. ఆకు ఏం చేస్తాదని చెప్పినావు పాపా?"

చందన తల దించుకుంది. ఒక్క ముక్క తెలియదు.

అక్క తిట్టలేదు. పుస్తకం మూసేసి, "మీ తోటలో ఆకు రాలిపోయిన చెట్టుకి కాయలు కాస్తాయా?" అంది. అంతే, పిల్ల మొదలుపెట్టింది. పురుగు పట్టిన చెట్టు, ఆకంతా పోయింది, కాయ నిలవలేదు, నాయన ఎంత బాధపడినాడో. ఆపితే ఒట్టు.

ఆ పిల్ల చెప్తుంటే అక్క బోర్డు మీద లీఫ్, సన్, వాటర్, ఫుడ్ అని రాస్తూ పోయింది. తర్వాత, "ఇబ్బుడు ఈ మాటలతో చెప్పు సూద్దాం" అంది.

చందన బోర్డు మీది మాటలు చూస్తూ, "లీఫ్ మేక్ ఫుడ్. నో లీఫ్, నో మ్యాంగో" అంది.

నేను తప్పు దిద్దబోయాను. అక్క చెయ్యి అడ్డం పెట్టింది. "ముందు రానీమే. దిద్దేది యాడికి పోతాది?"

ఆ వాక్యం పుస్తకంలో లేదు. ఆ పిల్ల సొంతం.

సాయంత్రం ఆటో తీసుకుని వచ్చిన మునిరత్నాన్ని లోపలికి పిలిచి, కూతురితో అదే చెప్పించింది. ఆయన కూతురి పుస్తకం అడిగి తీసుకున్నాడు. అక్కడే కూర్చుని కాగితాలు పీకాడు. బంక గట్టిగా పట్టేసి కొన్నిచోట్ల తెలుగు అక్షరాలు కూడా లేచి వచ్చాయి.

అందరూ మునిరత్నంలా మారలేదు. పేరెంట్స్ మీటింగ్‌లో అదే గోల. "కాన్వెంటులో తెలుగు మాట్లాడితే ఫైన్ ఏస్తారంట. ఈడ మేడమే తెలుగులో చెప్తా ఉండాది. టౌన్లో చేర్పించేస్తాం, టీసీలు ఇచ్చేయండి."

అక్కకు కోపం వచ్చింది.

"చెయ్యి పట్టుకోని నడిపిస్తే బిడ్డకు నడక వస్తాది అప్పా. చెయ్యి వదిలేసి ఉరకమంటే పండ్లు రాలతాయి. పరీక్షల దాకా ఆగండి. ఆ పొద్దు మీ పిల్లోళ్లను మీరే ఇంగ్లీషులో అడగండి. నోరు తెరవకపోతే నేనే టీసీలు ఇస్తా."

ఆమె మాట మీద ఆగారు. ఆ పిల్లలు పోతే మా బడి మిగలదు, అందరికీ తెలుసు.

నిన్న చిత్తూరులో అక్క ఇంటికి మునిరత్నమే పిల్లల్ని ఆటోలో తీసుకొచ్చాడు. చందన దండ వేసి, ఏడవకుండా గోడ పక్కన నిలబడింది. నాకదే ఎక్కువ బాధగా అనిపించింది.

బయటికి వచ్చాక మునిరత్నం నన్ను పక్కకు పిలిచాడు.

"మేడం, ఇట్లాంటప్పుడు అడగకూడదు. మేము ఆమెను నమ్మి ఉండినాం. ఇంక మా పిల్లోళ్లకు ఎవరు చెప్తారు? మీరూ అట్లనే చెప్తారా, లేదంటే కాన్వెంటులో ఏసేదా?"



నాకు అట్లా రాదు. నేను ఇంగ్లీషు లైన్ చదివి వెంటనే తెలుగులో చెప్పేస్తాను. పిల్లలు ఇంగ్లీషు వినడం మానేసి నా తెలుగు కోసం కాచుకుంటారు. మొన్న బస్టాప్‌లో మా వాదన కూడా దాని మీదే. "ఏమ్మే, అంతా నువ్వే చెప్పేస్తే వాళ్లు చెప్పేదానికి ఏం మిగిలుండాది? తెలుగులో వాళ్లను మాట్లాడనీ. ఇంగ్లీషు మాటలు నువ్వు అందియ్యి" అంది. సరేలే అక్కా, రేపు చూపించు అన్నాను. రేపు చూపిస్తానంది.

మునిరత్నానికి మాత్రం, "నేను చెప్తాను, పిల్లల్ని పంపించండి" అన్నాను. ఆయన నా మొహం చూశాడు. నమ్మినట్టు లేదు. నాకే నమ్మకం లేదు.

ఈరోజు బడికి సెలవు. రేపు తెరవాలి. ఎంతమంది వస్తారో తెలియదు. పొద్దున్నించి ఆ ఆకుల పాఠమే ముందు పెట్టుకుని కూర్చున్నాను. మొదటి ప్రశ్న ఏం అడగాలో కూడా తోచడం లేదు.

వెళ్లిరా అక్కా. ఉన్నన్నాళ్లూ ఈ పిల్లల దిగులుతో నీకు నిద్ర లేదు. ఇకనైనా నిమ్మళంగా ఉండు. ఆ దిగులు ఇప్పుడు నాకు పట్టుకుంది.