చల్లారని బొగ్గు

మా సందులో ఇంటింటా మటోకే వండేవాళ్ళు. ఆ పచ్చి అరటికాయల తొక్కలన్నీ మురుగు కాలవలోకి పోయేవి. కాలవ పూడుకుపోయి, గట్టి వాన కురిస్తే చాలు, ఆ నీళ్ళు మా ఇళ్ళలోకి తిరుగుముఖం పట్టేవి. కంపాలాలోని పల్లపు పేట బ్వైసేలో పుట్టి పెరిగినవాళ్ళకి ఇది కొత్త కాదు. అందుకే ప్రతి గుమ్మానికీ మోకాలెత్తు సిమెంటు గట్టు ఉంటుంది.

నాసొలో మాత్రం ఆ తొక్కల్ని ఏరడం మొదలుపెట్టింది. రోడ్డు పక్కన అన్నం బడ్డీ నడిపే మనిషి. బొగ్గు బస్తా ధర పెరిగినప్పుడల్లా ఎక్కువ సణిగింది ఆమే. కంపాలా అవతలి కొసన ఎవరో తొక్కల్ని కాల్చి బొగ్గు చేస్తున్నారని విని, వెళ్ళి చూసి, తిరిగొచ్చి పెరట్లో ఒక నూనె డ్రమ్ము పెట్టింది. అడుగున చిల్లులు, పైన మూత. ఎండిన తొక్కలు నింపి కింద నిప్పంటిస్తుంది. తెల్లటి పొగ పల్చబడి నీలంగా మారగానే మూత బిగించి, చిల్లులన్నీ బంకమన్నుతో మూసేస్తుంది. గాలి తగలకపోతే తొక్క బూడిదవదు, బొగ్గవుతుంది. ఆ పొడిలో కర్రపెండలం గంజి కలిపి ఉండలు చేసి ఎండబెడితే కుంపట్లోకి వంటచెరకు సిద్ధం.

మోటార్‌సైకిలు మీద జనాన్ని తిప్పే సెముజ్జు ఆమెను ఊరికే వదిలేవాడు కాదు.

"అక్కా, మా ఇంట్లో తొక్కలే కాదు, మా అత్త కూడా ఉంది. ఆవిణ్ణి కూడా పట్టుకెళ్ళి డ్రమ్ములో వెయ్యి."

"ఇంకా పచ్చిగా ఉంది నాయనా మీ అత్త. ఎండబెట్టి తీసుకురా, చూద్దాం."

నవ్విన వాళ్ళలోంచే ముగ్గురం ఆమెతో చేరాం. నేను, చంటిబిడ్డ తల్లి కెవినా, పక్కింటి ముసలావిడ నలుబోవా. ఆవిడని అందరం జాజా అనేవాళ్ళం, అవ్వ అని. ఉండలు చుట్టడంలో ఆవిడ చేతికి సాటి లేదు.

ఆ రోజు పొద్దున రెండు డ్రమ్ములు కాల్చి మూసేశాం. మామూలుగా మర్నాటిదాకా వాటిని ముట్టుకోం. మధ్యాహ్నం దాటగానే కసూబి గుట్ట మీద ఆకాశం నల్లబడింది. అక్కడ కురిసిన వానకి, మా దగ్గర చినుకులు మొదలవకముందే కాలవ పొంగి పెరట్లోకి పాకింది.

"డ్రమ్ములు మునిగితే అంతా బురదే," అన్నాను.

"ఇంకా చల్లారలేదు కదే," అంది నాసొలో, డ్రమ్ము మీద అరచెయ్యి పెట్టి.

"నీళ్ళు చల్లుదాం అక్కా. ఇన్నాళ్ళ కష్టం కాలవ పాలు చేస్తామా?" అంది కెవినా.

నాసొలో ఆకాశం వంక చూసింది, మా వంక చూసింది. "సరే, తియ్యండి. బాగా తడపండి."

పైపైన తడిపాం. సంచుల్లో నింపి, అప్పటికే పాత బొగ్గు సంచులతో సగం నిండిన ఆమె గదిలోకి మోసుకుపోయాం. అంతలో వాన విరుచుకుపడింది. ఇక మా ఇళ్ళకి వెళ్ళే దారి లేదు. నలుగురం, కెవినా వీపున చంటిపిల్ల మిరెంబె, ఇనుప తలుపు లోపలే ఉండిపోయాం. గట్టు మీద మట్టి మూటలు పేర్చి, సందుల్లో పాతగుడ్డలు కూరాం. కిటికీకి ముందే రేకు కొట్టి ఉంది. చుక్క నీరు లోపలికి రాలేదు. మా పనితనానికి మేమే మురిసిపోయాం.

కాసేపు కబుర్లాడాం. తర్వాత నా కణతలు కొట్టుకోవడం మొదలైంది. వాన చప్పుడుకి తలనొప్పనుకున్నాను. జాజా గోడకి జారబడి కళ్ళు మూసుకుంది. కెవినా, "నాకూ నిద్ర ముంచుకొస్తోంది," అని నేల మీద కూలబడింది. అంతవరకూ ఏడ్చి ఏడ్చి మమ్మల్ని విసిగించిన పిల్ల ఊరుకుంది.

"హమ్మయ్య, పడుకుంది," అన్నాను.

నాసొలో నవ్వలేదు. లేచి, పిల్ల బుగ్గ తట్టింది. మళ్ళీ తట్టింది. గోడ దగ్గరి సంచి మూతి విప్పి చెయ్యి లోపలికి దోపింది. మరుక్షణం వెనక్కి లాక్కుంది.

"లోపల నిప్పుంది," అంది. "లేవండి. అందరూ లేవండి!"

"పొగేదీ అక్కా?" అన్నాను.

"పొగ రాదే, విషగాలి వస్తుంది! మూసిన గదిలో కుంపటి పెట్టుకు పడుకున్నోళ్ళు ఎలా పోతారనుకున్నావ్?"

అలా పోయినవాళ్ళ కథలు వినని మనిషి మా ఊళ్ళో లేడు.

ఆమె రోకలి తీసుకుని కిటికీ రేకు మీద కొట్టింది. రేకు సొట్ట పడింది గాని ఊడలేదు. రెండో దెబ్బకే చేతుల్లో పట్టు సడలి రోకలి జారిపోయింది. ఇక మిగిలింది తలుపే. మట్టి మూట ఒకటి లాగింది. కెవినా తూలుకుంటూ వచ్చి తలుపుకి అడ్డంగా నిలబడింది.

"వద్దక్కా! బయట నడుముల్లోతు నీళ్ళు. నా పిల్ల కొట్టుకుపోతుంది!"

"ఇక్కడుంటే ఊపిరే పోతుందే!"

"నీ బొగ్గు గొడవ నువ్వు చూసుకో! తలుపు మాత్రం తియ్యనివ్వను!"

"కెవినా, నీ పిల్ల మొహం చూడు. ఒక్కసారి చూడు."

కెవినా వీపు మీది పిల్లను ముందుకి తిప్పుకుంది. తల పక్కకి వేలాడింది. పక్కకి తప్పుకుంది. నేనూ నాసొలో మూటలు లాగేశాం. గడియ తీశామో లేదో తలుపు మమ్మల్ని వెనక్కి నెట్టేసింది. నల్లటి నీళ్ళు ఒక్క ఊపున గది నిండా పరుచుకున్నాయి. ఆ నీళ్ళతోపాటు చల్లటి గాలీ వచ్చింది. సంచులు బుస్సుమని ఆవిరి కక్కాయి. ఒకటి పిగిలి, ఎర్రటి కణికలు పైకి తేలి నల్లబడ్డాయి.

నాసొలో పిల్లను తల మీదికెత్తుకుని వీధిలోకి దిగింది. "సెముజ్జూ! ఒరే సెముజ్జూ!" అని అరిచింది. ఎదురు ఇంటి కప్పు మీది నుంచి అతను దూకి, ఈదినట్టే వచ్చి పిల్లను అందుకున్నాడు. నేను వెనక్కి వెళ్ళి జాజా చంకల కింద చేతులేసి ఈడ్చాను. వానలోనే సెముజ్జు పిల్ల వీపు రుద్దుతూ, బతిమాలుతూ, తిడుతూ ఉన్నాడు. ఎంతసేపో చెప్పలేను. చివరికి మిరెంబె సన్నగా కీచుమంది. కెవినా ఆ నీళ్ళలోనే మోకాళ్ళ మీద కూలిపోయింది.

జాజాని ఎవరింటిదో తలుపు చెక్క మీద మోసుకెళ్ళి, రోడ్డు మెరక తగిలాక బండెక్కించి ఆసుపత్రికి చేర్చారు. ఆవిడ బతికింది. కాని ఆ గదిలో పీల్చిన విషగాలికి పూర్తిగా మునుపటి మనిషిగా తిరిగి రాలేదు. వండిన కూర మళ్ళీ వండేది. నాసొలో కనిపిస్తే చనిపోయిన తన చెల్లెలి పేరుతో పిలిచేది.

వరద తీశాక పేట పెద్ద అందరినీ కూర్చోబెట్టాడు. ఎవరో వానని తిట్టారు, ఎవరో కాలవని తిట్టారు. నాసొలో లేచింది.

"వాన తప్పు కాదు. చల్లారలేదని నాకు తెలుసు. అయినా తియ్యమన్నాను," అంది.

"నిన్ను నమ్మి వచ్చినోళ్ళం అక్కా," అంది కెవినా. అదే ఎక్కువ తగిలింది నాసొలోకి.

చాలాకాలం ఆమె డ్రమ్ముల జోలికి పోలేదు. జాజాకి నీళ్ళు పోసేది, తినిపించేది. తొక్కలు మళ్ళీ కాలవలో పేరుకున్నాయి. ఆ కంపు భరించలేక చివరికి సెముజ్జు అత్తే వచ్చి అడిగింది, "ఏమ్మా, మానేసినట్టేనా?" అని.

గుట్ట వాలులో ఆవిడకి ఖాళీ జాగా ఉంది. అక్కడ నాలుగు రాటలు పాతి పైన రేకు వేశాం. గోడలు కట్టనివ్వలేదు నాసొలో. కాల్చిన బొగ్గుని నేల మీద పల్చగా పరిచి, తన చేత్తో పొడి అంతా కలియబెట్టి, వేడి లేదని చూసుకున్నాకే సంచి తెరవనిచ్చేది. వాన ముంచుకొచ్చినా సరే, తడిసిపోతే పోనీ అనేది. కొన్నిసార్లు పోయింది కూడా.

జాజాని మధ్యాహ్నాలు అక్కడికే తీసుకొచ్చేది. ఆవిడకి పేర్లు గుర్తులేవు గాని చేతులకి పని గుర్తుంది. గంజి కలిపిన పొడి ముందు పెడితే గుండ్రంగా, నున్నగా ఉండలు చుట్టేది. కెవినా మాతో మళ్ళీ చేరలేదు. కాని బొగ్గుండలు మాత్రం మా దగ్గరే కొనేది. వచ్చినప్పుడు పిల్లను జాజా ఒళ్ళో కూర్చోబెట్టి, నాసొలోతో మాట్లాడకుండా, కొంచెంసేపు నిలబడి వెళ్ళేది.